మిట్ట వీధిలో తెల్లనీళ్లు

మిట్ట వీధి,
ప్రార్థన మందిరం వెనక గది.
మార్చి 7, శనివారం సాయంత్రం.

చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు.

నరకం ఎలా ఉంటుందో ఇవాళ కళ్లారా చూశాను. ఇకమీద దాని గురించి ప్రసంగించేటప్పుడు చేతులు ఊపక్కర్లేదు, నా మొహం చూపిస్తే చాలు. వీధి దిగువన ఉన్న కలప కోతమిల్లు తగలబడిపోయింది. మధ్యాహ్నం మూడింటికి అరుపులు వినిపిస్తే చేతిలో పని అలాగే వదిలేసి పరిగెత్తాను. రెండు ఫైరింజన్లు వచ్చి వీధి మొదట్లో నీళ్ల గొట్టానికి తగులుకుని లాగుతుంటే, మేం ముప్ఫైమంది వరసగా నిలబడి బకెట్లు అందించాం. నా కనుబొమలు సగం కాలిపోయాయి. మీ వదిన చూసి, "పోనీలే, మొహంలో కాస్త కోపం తగ్గింది" అంది. ప్రాణనష్టం లేదు. దేవుడికి స్తోత్రం.

వదిలేసిన పని ఏంటో అడగవేం? మందిరంలో బల్లలన్నీ చెదలు తినేశాయి. పోయిన ఆదివారం ప్రసంగం మధ్యలో చివరి బల్ల పుటుక్కున విరిగి పాలాయన కిందపడ్డాడు. "తీర్పు వచ్చేసిందనుకున్నా అయ్యగారూ" అన్నాడు. అందుకని చెదలమందు తెచ్చాను, ఐదు లీటర్ల డబ్బా. మందు కొట్టేవాళ్లని పిలవమంది మీ వదిన. వారమంతా నా కొట్లో కూర్చుని అమ్మే తాళాలు బాగుచెయ్యడం నాకు ఎవరు నేర్పారు? గ్రంథం చదవడం ఎవరు నేర్పారు? ముందు మందంతా పెద్ద డ్రమ్ములో పోసి, కుళాయికి తగిలించిన గొట్టాన్ని డ్రమ్ము అడుగుదాకా దించి నీళ్లు వదిలాను. అలా చేస్తే నురుగు రాదు, మందు మీద చిందదు, నీళ్ల వేగానికి అదే గిర్రున తిరిగి కలిసిపోతుంది. కర్ర పెట్టి తిప్పే పనే లేదు. ఈ ఉపాయం నాదే, ఏ సీసా మీదా రాసి లేదు.

తిరిగొచ్చేసరికి కుళాయిలో చుక్క లేదు. ఇంజన్లే తాగేసినట్టున్నాయి. మందు పని వాయిదా వేశాను.

నీ నీటి పరీక్షలూ సీసాలూ ఎలా ఉన్నాయి? అన్నం వేళకి తింటున్నావా?

నీ అన్నయ్య

*

మిట్ట వీధి.
మార్చి 10.

చెల్లాయ్,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా లేకపోతే ఏమనుకోకు.

ఆదివారం పొద్దున నీళ్లొచ్చాయి. తెల్లగా, పాలు కలిపినట్టు. గొట్టంలో గాలి చేరితే అలాగే ఉంటాయిలే అని అందరూ పట్టుకున్నారు. కొంచెం కిరసనాయిల్ వాసన. పది గంటలకి ఆరాధన మొదలైంది. రెండో పాట మధ్యలో టైలరమ్మ గొంతు ఆగిపోయింది. నీకు గుర్తుందిగా, మా మందిరంలో పాట ఎత్తేది ఆవిడే, వీధి మలుపులో బట్టలు కుట్టే మనిషి. నోటి నిండా నురగ, కళ్లలో ధారలు. "చీకటిగా ఉంది, లైటు వెయ్యండి" అంది. పట్టపగలు చెల్లాయ్, అన్ని కిటికీలూ తెరిచి ఉన్నాయి.

సాయంత్రానికి నలభై ముగ్గురు ఆస్పత్రిలో ఉన్నారు. అందరూ మా వీధి వాళ్లే. టైలరమ్మకి ఊపిరి మిషను పెట్టారు.

దాహం వేస్తేనే భయమేస్తోంది. ఎక్కడ కుళాయి తిప్పిన చప్పుడైనా ఒళ్లు జలదరిస్తోంది. ఒక నది మొత్తం నెత్తురైపోయిన సంగతి నేనెన్నిసార్లు ప్రసంగించానో! గట్టిగా చెప్పాను, బాగా చెప్పాను. ఆ ఒడ్డున బిందె పట్టుకుని నిలబడ్డ మనిషికి ఎలా ఉండి ఉంటుందో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు.

అందరూ పంపు ఆపరేటరునే అంటున్నారు. నీళ్లలో వెయ్యకూడనిదేదో వేశాడట. అగ్గి రోజు మా వీధి వాల్వు తిప్పింది కూడా అతనే.

మీ వదిన బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను. నీళ్లు మరగబెట్టుకుంటే సరిపోతుందా? వెంటనే రాయి.

అన్నయ్య

*

నీటి పరీక్షల గది, రెండో అంతస్తు.
మార్చి 12.

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ముందు నువ్వడిగినది చెప్తాను. మరగబెట్టకండి. మరగబెడితే క్రిములు చస్తాయి, విషం చావదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ట్యాంకరు నీళ్లే తాగండి. ఆదివారం పట్టిన బిందెలూ కుండలూ ఎవరింట్లో ఉన్నా ముట్టుకోవద్దని చెప్పు. నీ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుందిగా, ఈసారి దేవుడికి కాకుండా మనుషులకి వినిపించు.

ఇది క్రిముల పని కాదు. క్రిములైతే ఒకటి రెండు రోజులు పడుతుంది, గంటలో మనిషిని పడగొట్టవు. చొంగ, కన్నీళ్లు, చూపు చీకటి కావడం, ఇవి పురుగుమందు లక్షణాలు. కంటిపాప గుండుసూది మొనంత అయిపోతుంది, అందుకే లైటు వెయ్యమంది పాపం. ఆస్పత్రి డాక్టర్లకి ఈ పాటికి తెలిసే ఉంటుంది.

ఆ ఆపరేటరు నాకు తెలుసు. నెలనెలా నమూనా సీసాలు తెచ్చేది ఆయనే. సీసా మూత మీద చెయ్యి పడితే నమూనా పాడవుతుందని పెళ్లికూతుర్ని తెచ్చినట్టు గుడ్డ కప్పి తెస్తాడు. ఆయన నీళ్లలో ఏదో వేశాడంటే నేను నమ్మను.

ఒక మాట అడుగుతాను, నిదానంగా ఆలోచించి చెప్పు. మీ వీధిలో ఆ శనివారం పురుగుమందు వాడింది ఎవరు? కుళాయికి గొట్టం తగిలించి ఎవరైనా ఏమైనా కలిపారా?

నీ డ్రమ్ము సంగతేంటి?

ఫోను చేస్తే ఎత్తడం లేదేం?

చెల్లాయి

*

మిట్ట వీధి.
మార్చి 18.

చెల్లాయ్,

నా డ్రమ్ముకేం? మందిరం వెనక ఉంది. అయినా డ్రమ్ములోకి పోయే నీళ్లు గొట్టంలోకి వెనక్కి ఎక్కుతాయా? నువ్వు చదువుకున్నదానివి, కిందకి పోయేదాన్ని పైకి ఎక్కించే చదువు నేను వినలేదు.

ఇక్కడ సంగతులు మంచిగా లేవు. మొన్న ఆదివారం బావుల్ని పాడుచేసినవాళ్ల మీద ప్రసంగించాను. పేరు ఎత్తలేదు. ఎత్తక్కర్లేకపోయింది. నేను గ్రంథం మూసేలోపే వెనక బల్లలు ఖాళీ అయ్యాయి. సరాసరి ఆపరేటరు ఇంటికి పోయారు. కిటికీలు ఒక్కటీ మిగల్లేదు. ఆయన భార్య గాజుపెంకుల్లో ఉత్తకాళ్లతో నిలబడి, "మేమూ అవే నీళ్లు తాగుతాం కదయ్యా!" అని అరుస్తూనే ఉందట. ఆయన్ని ఉద్యోగంలోంచి ఆపేశారు. పోలీసులు రెండుసార్లు తీసుకెళ్లారు. కేసు పెడితే ఏళ్ల శిక్ష పడుతుందంటున్నారు.

నేను కొట్టమనలేదు. నేనేం అన్నానో వందమంది విన్నారు.

టైలరమ్మకి ఊపిరి మిషను తీసేశారు. బతికింది. గొట్టాలన్నీ మూడు రోజులు కడిగి నీళ్లు మళ్లీ వదిలారు, తాగొచ్చని మైకులో చెప్పారు. ఎవరూ నమ్మడం లేదు. పక్కింటావిడ ముందు మొక్కలకి పోసి ఒకరోజు చూస్తోంది.

చెదలు మాత్రం చావలేదు. ఏప్రిల్ రెండో వారంలో ఇంకో డబ్బా తెచ్చి కొట్టాలి.

ఫోనులో మాట్లాడే ఓపిక లేదు.

అన్నయ్య

*

నీటి పరీక్షల గది.
మార్చి 27.

అన్నయ్యా,

ఆస్పత్రిలో ఒక నర్సు తెలివైంది. ఆ ఆదివారం టైలరమ్మ ఇంట్లో పట్టిన నీళ్లని ఒక సీసాలో పోయించి సీలు వేయించి పెట్టింది. అది మా గదికి వచ్చింది. సీసా మీద మీ వీధి పేరు చూసి దాన్ని మళ్లీ బల్ల మీద పెట్టేశాను. "మా అన్నయ్య అక్కడే ఉంటాడు, ఈ పరీక్ష నేను చెయ్యకూడదు" అని మా ఆఫీసరుకి చెప్పాను. పక్క బల్ల ఆయన చేశాడు.

చెదలమందు అన్నయ్యా.

వెనక్కి ఎలా ఎక్కుతాయి అన్నావు. చెప్తాను విను. నీ మందిరం మిట్ట మీద ఉంది. ఫైరింజన్లు పల్లంలో ఉన్నాయి. అవి బలంగా లాగుతుంటే, ఆపరేటరు ఫైరువాళ్లు చెప్పినట్టే పైనుంచి వచ్చే వాల్వు కట్టేశాడు, నీళ్లన్నీ అటే పోవాలని. అప్పుడు మీ వీధి గొట్టం లోపల ఖాళీ అయి, పీల్చడం మొదలెడుతుంది. నువ్వు చిన్నప్పుడు నాన్న స్కూటర్లోంచి సన్నగొట్టంతో పెట్రోలు లాగి సగం మింగి చావుతప్పించుకున్నావే, అచ్చంగా అలాగే. తెరిచి ఉన్న కుళాయి, దానికో గొట్టం, ఆ గొట్టం మొన నీళ్లలో మునిగి ఉంటే చాలు. డ్రమ్ములో ఉన్నది వీధి గొట్టంలోకి పోతుంది. మందు ముందు పోశానన్నావు. గొట్టం అడుగుదాకా దించానన్నావు. అంటే చిక్కటి మందు దగ్గరే మొన పెట్టావు.

గొట్టం మొన డ్రమ్ము అంచుకి జానెడు పైన ఉండి ఉంటే ఏమీ జరిగేది కాదు. జానెడు గాలి చాలు.

నిన్ను ఒకటే అడుగుతాను. ఆ శనివారం వెళ్లేటప్పుడు డ్రమ్ములో ఎంత ఉంది? వచ్చేటప్పటికి ఎంత ఉంది?

ఇంకో డబ్బా తెస్తానన్నావే, వద్దు. నువ్వు ఇంకేం చేసినా చెయ్యి, ఆ గొట్టం మాత్రం ఈ ఉత్తరం అందగానే కుళాయి నుంచి పీకెయ్యి. నా మీద ఒట్టు.

చెల్లాయి

*

మిట్ట వీధి.
ఏప్రిల్ 1.

నువ్వు నా చెల్లెలివా, పోలీసువా? నీకు అ ఆలు దిద్దించింది నేను. ఇవాళ నాకు పెట్రోలు పాఠాలు చెప్తున్నావు. ఎక్కడో సీసాలో ఏదో కనిపిస్తే అది నాదేనా? మందు ఊరంతా అమ్ముతారు. నేను దేవుడి పని మీద మందు కలిపాను, మనుషుల ప్రాణాలు కాపాడటానికి అగ్గిలోకి పరిగెత్తాను. దానికి ఇదా ఫలితం?

గొట్టం పీకేశాను. నీ ఒట్టు కోసం. అంతే.

*

నీటి పరీక్షల గది.
ఏప్రిల్ 4.

అన్నయ్యా,

తిట్టు, పడతాను. నా ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. ఎంత ఉంది, ఎంత మిగిలింది?

నా తప్పూ ఒకటుంది. నీ మొదటి ఉత్తరం మూడు వారాలుగా నా బల్ల సొరుగులో ఉంది. డ్రమ్ము, మందు, గొట్టం, కుళాయి, అన్నీ నీ చేతి రాతలోనే ఉన్నాయి. సొరుగు తాళం రోజూ రెండుసార్లు చూసుకుంటున్నాను. ఎవరైనా "అమ్మా" అని పిలిస్తే ఉలిక్కిపడుతున్నాను. నిన్న ఆపరేటరు భార్య మా ఆఫీసుకి వచ్చింది. "మా ఆయన తెచ్చే సీసాలు ఇన్నేళ్లుగా చూస్తున్నారుగా, ఒక్క మంచి మాట రాసివ్వండి" అని అడిగింది. నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. సొరుగు నా మోకాలికి తగులుతోంది.

ఆయన్ని పదహారో తారీఖున కోర్టులో పెడతారట.

పదో తారీఖు శుక్రవారం ఆ ఉత్తరం మా ఆఫీసరు ముందు పెడతాను. అంతకుముందే నువ్వే వెళ్లి చెప్పు. నేను పెడితే నువ్వు దొరికిపోయినవాడివి అవుతావు. నువ్వు చెప్తే చెప్పినవాడివి అవుతావు. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరమో నాకంటే నీకే బాగా తెలుసు, ముప్ఫై ఏళ్లుగా అదే చెప్తున్నావు జనానికి.

నాకూ భయంగానే ఉంది అన్నయ్యా. నీకేం చేస్తారోనని.

చెల్లాయి

*

మిట్ట వీధి.
ఏప్రిల్ 8.

చెల్లాయ్,

వెళ్లేటప్పుడు ముప్పాతిక డ్రమ్ము. వచ్చేటప్పటికి అడుగున నాలుగు వేళ్ల లోతు. కింద నేల పొడిగా ఉంది.

నాకు ఆ సాయంత్రమే తెలుసు. ఎలా జరిగిందో తెలియదు, ఎక్కడికి పోయిందో మాత్రం మనసుకి తెలిసిపోయింది. దొంగ ఎవడో ఎత్తుకుపోయాడని అనుకోడానికి ఎంత ప్రయత్నించానో. విషం ఎత్తుకుపోయే దొంగ ఎవడు?

పొద్దున నీళ్లు తెల్లగా వచ్చాయి. మీ వదిన గ్లాసు ఎత్తితే చేతిలోంచి లాక్కుని పారబోశాను. "ఏమైంది?" అంటే, "వాసన" అన్నాను. తర్వాత మందిరంలోకి పోయాను. టైలరమ్మ ముందే వచ్చి ఉంది. గొంతు పొడిబారిందని మందిరం కుళాయి తిప్పి గ్లాసు నింపుకుంది. నేను గ్రంథం తెరిచి ఎదురుగా నిలబడి ఉన్నాను, నాలుగు అడుగుల దూరం. వద్దమ్మా అంటే చాలు. రెండు మాటలు. అంటే, ఎందుకు అని అడుగుతుంది. వెనక అందరూ వింటారు. ఎందుకో చెప్పాలి.

ఆవిడ తాగింది. నేను చూస్తూ నిలబడ్డాను. మొదటి పాట ఎత్తమన్నాను.

అప్పటినుంచీ ఆ కుళాయి నీళ్లు నేను ముట్టలేదు. తెల్లారగానే సైకిలు మీద డబ్బా కట్టుకుని రెండు మైళ్లు పోయి తెచ్చుకుంటున్నాను. జనానికి మాత్రం ఆపరేటరు మీద వాక్యం తిప్పి కొట్టాను. గ్రంథం చేతిలో ఉన్నవాడు దాన్ని రాయిలా విసిరితే ఎంత దూరం పోతుందో చూశావుగా, కిటికీలు పగిలేంత దూరం.

ఇది రాత్రి బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. రేపు పొద్దున నీళ్ల ఆఫీసుకి వెళ్తున్నాను. ఏం చెప్పాలో నువ్వు రాసి ఇవ్వగలవా? మాటలు రావడం లేదు. నాకు, మాటలు.

*

నీటి పరీక్షల గది.
ఏప్రిల్ 9.

అన్నయ్యా,

ఇవాళ బయల్దేరే బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను, సాయంత్రానికి అందుతుంది. పొద్దునే వెళ్లిపోయి ఉంటే మంచిదే. లేకపోతే ఇది చదువుకుని రేపు పొద్దున వెళ్లు. ఒక్కరోజు నేనూ ఆగుతాను.

నేను రాసివ్వను. ఎన్ని గంటలకి, ఏ కుళాయి, ఏ మందు, ఎన్ని లీటర్లు, గొట్టం ఎంత లోతు. ఇవి చెప్పు. ప్రసంగం వద్దు. ఏడవాలనిపిస్తే చివర్లో ఏడువు, ముందు అంకెలు చెప్పు. వాళ్లకి అవి కావాలి.

వదినని తోడు తీసుకెళ్లు.

చెల్లాయి

*

మిట్ట వీధి.
మే 20.

చెల్లాయికి,

ఇన్నాళ్లూ రాయనందుకు కోపం తెచ్చుకోకు. మీ వదిన ఫోనులో చెప్పింది నీకు తెలిసిందే. చెప్పనిది రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ పొద్దున గుమ్మందాకా పోయి రెండుసార్లు వెనక్కి వచ్చాను. శుక్రవారం మీ వదిన చెప్పులు వేసుకుని ముందు నడిచింది, "నువ్వు రాకపోతే నేనే చెప్తా" అని. ఆఫీసరు ముందు నువ్వు చెప్పిన వరసలోనే చెప్పాను. మూడుసార్లు చెప్పించారు. మూడోసారికి పోలీసు ఒకాయన రాసుకోవడం ఆపి నా మొహం కేసి చూశాడు. "మీరేనా అయ్యగారూ, ఆ ప్రసంగం చేసింది?" అన్నాడు.

ఆపరేటరుని వదిలేశారు, మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. కేసు నా మీద ఉంది, వచ్చే నెల వాయిదా. ఏం శిక్ష వేస్తారో తెలియదు. జామీను మీద బయట ఉన్నాను. మందిరానికి తాళం వేశారు. నా కొట్లో కొన్న తాళమే. ఎవరూ నన్ను కొట్టలేదు చెల్లాయ్. కొడితే బాగుండుననిపించింది. వీధిలో నేను వస్తుంటే తలుపులు వేసుకుంటున్నారు, అంతే.

పోయిన వారం ఆపరేటరు మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "మన వీధిలో డెబ్భై రెండు ఇళ్లున్నాయి. ప్రతి ఇంట్లో కుళాయికి గొట్టం ఉంది, మొన ఏ తొట్టెలో మునిగి ఉందో నాకు తెలియదు. నేను చెప్తే వినరు, కిటికీలు పగలగొట్టినవాళ్లు నా మాట ఎందుకు వింటారు? నువ్వు రా. ఎందుకు తియ్యాలో నువ్వు చెప్పు" అన్నాడు.

"నా మాట వింటారా?" అన్నాను.

"నీ మాట వినక్కర్లేదు. నిన్ను చూస్తే చాలు" అన్నాడు.

అలా మొదలైంది. ప్రతి గుమ్మం దగ్గరా ఆయన గొట్టం తీసి, కుళాయి మూతికి తొట్టె అంచుకి మధ్య జానెడు కొలిచి చూపిస్తాడు. ఎందుకు అని వాళ్లు అడుగుతారు. అప్పుడు నేను చెప్పాలి. శనివారం, మూడు గంటలు, ఐదు లీటర్లు, అడుగుదాకా. మొదటి ఇంట్లో చెప్పలేక గోడ పట్టుకున్నాను. పాలాయన విని, "అయితే ఆ రోజు నా కింద బల్ల విరక్కపోతే ఈ గొడవే లేదంటారా?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్లావిడ మాత్రం నవ్వలేదు. ఆవిడ ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది. పదకొండు ఇళ్లు అయ్యాయి. పదకొండుసార్లు చెప్పినా నోరు అలవాటు పడలేదు.

ఇవాళ పొద్దున పన్నెండో ఇల్లు టైలరమ్మది.

నేను వెనకే ఉండిపోయాను. ఆపరేటరే తలుపు కొట్టాడు. ఆవిడ వచ్చింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. సూదిలో దారం ఎక్కించలేకపోతోందట, చేతులు వణుకు తగ్గలేదు. నేను అంకెలు చెప్పాను. ఆగకుండా ఆ ఆదివారం సంగతి కూడా చెప్పేశాను. నువ్వు గ్లాసు ఎత్తినప్పుడు నేను చూస్తున్నానమ్మా అని. నాకు తెలుసమ్మా అని.

ఆపరేటరు నేల చూస్తున్నాడు.

ఆవిడ నా కేసి కాకుండా ఆయన కేసి తిరిగి అడిగింది. "ఈ నీళ్లు ఇప్పుడు తాగొచ్చా అన్నా?"

"పొద్దున పరీక్ష చేశానమ్మా. ఇవాళ బాగున్నాయి. రేపటి సంగతి రేపు పరీక్ష చేసి చెప్తాను."

ఆవిడ లోపలికి పోయి రెండు గ్లాసులు తెచ్చింది. కుళాయి తిప్పి రెండూ నింపింది. చేతులు వణికి సగం నేలపాలైంది. ఒకటి నా ముందు పెట్టింది.

"అయ్యగారూ, ముందు మీరు" అంది.

చెల్లాయ్, మార్చి ఏడు తర్వాత ఆ గొట్టం నీళ్లు నా నోట్లోకి పోలేదు. ఆపరేటరు అబద్ధమాడడని తెలుసు. పరీక్ష చేశాడని తెలుసు. అయినా గ్లాసు పెదవి దాకా తెచ్చి రెండుసార్లు దించేశాను. ఆవిడ నా గొంతు కేసే చూస్తోంది, గుటక పడుతుందా లేదా అని. ఆ రోజు నేను ఆవిణ్ణి చూసినట్టే.

తాగాను. కిందకి దిగిన ప్రతి గుటకా తెలిసింది. చివరి చుక్కదాకా తాగి గ్లాసు బోర్లించి చూపించాను.

ఆవిడ ఇంకా కాసేపు నన్ను చూస్తూ నిలబడింది. నేను పడిపోలేదు. అప్పుడు రెండు చేతులతో తన గ్లాసు పట్టుకుని, కళ్లు మూసుకుని, తాగింది.

నీ అన్నయ్య